తొమ్మిది పూతల కింద

ఇటు దగ్గరికి జరగండమ్మా, అంత దూరాన గోడవార కూర్చుంటే మాట వినపడదు. ఇది మన శాంతమ్మ కారు సంగతి. కారంటే ఎక్కి తిరిగేది కాదు, అరచేతిలో పట్టే సీసపు పోత బొమ్మకారు.

శాంతమ్మ తమ్ముడు వెంకటరాయప్ప బెంగళూరు కలాసిపాళ్యంలో బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. ముందరి మడ్‌గార్డులు విరిగిన ఆ కారును గుజిరీలో, పాత సామాన్ల అంగట్లో ఏరుకొచ్చాడు. అక్క రాగులు చెరుగుతూ మధ్యమధ్య ఓ చూపు వేస్తుండగా సుద్దపొడిని అవిసెనూనెలో పిసికి లప్పం చేసి, విరిగిన చోట అద్ది, బొటనవేలితో వంపు తీశాడు. ఆరేదాకా ముట్టొద్దక్కా అని అటక మీద పెట్టి వెళ్ళాడు. ఆ వారమే విషజ్వరం వచ్చి పోయాడు. యాభైమూడో సంవత్సరం అది.

ఆమె భర్త చిక్కమునియప్ప కుర్చీలకూ బీరువాలకూ లక్క పాలిష్ పెట్టే మనిషి. మాట తక్కువ. ఆ ఏడు ఆయుధపూజకు కారును అటక మీంచి దించి, లక్కలో ఎర్రరంగు కలిపి పూసి, బొట్టు పెట్టి ఆమె ముందుంచాడు. అప్పటినుంచి ఏటా పనిముట్లతో పాటు దానికీ ఒక పూత. తొమ్మిదేళ్ళకు కారు చింతగింజలా నున్నబడింది. శాంతమ్మ ఎంత తడిమినా తమ్ముడి వేలి గీత తగలదు. వాడి ఫోటో లేదు. గొంతు కూడా మరుపున పడుతోంది. ఆ గీత ఒక్కటైనా చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

రంగు తీసిపెట్టమని మొగుణ్ణి అడిగితే ఇవాళ, రేపు అన్నాడు. నెల గడిచింది. పక్కింటి సరోజమ్మ, కాస్టిక్ సోడాలో వేసి ఉడకబెట్టు, బస్సు రంగులే ఊడొస్తాయి, ఈ ఎలకపిల్లంత కారుదెంత అని నవ్వింది. శాంతమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టి సోడా పొట్లం విప్పేసరికి చిక్కమునియప్ప గబగబా వచ్చి గిన్నె దించేశాడు.

"సోడా తగిలితే నూనె లప్పం కరిగిపోతాది మే. లక్క పూతకి స్పిరిటే. నూనె లప్పాన్ని అది ముట్టదు."

"తెలిసి కూడా నెల దినాలు ఏల చెప్పలేదు?"

ఆయన స్పిరిట్ సీసా తెచ్చి ముందు పెట్టి, వాకిట్లోకి పోయి కూర్చున్నాడు.

శాంతమ్మ దూది తడిపి, రుద్దకుండా అద్ది, కాసేపాగి గుడ్డతో తుడిచింది. ఒక్కో ఏటి రంగూ గుడ్డకంటింది. కుడి మడ్‌గార్డు మీద తెల్లటి లప్పం తేలింది. రాయిలా గట్టిగా ఉంది, వంపు మీద బొటనవేలి ముద్ర సన్నటి గీతలతో సహా నిలిచి ఉంది. ఆమె తన వేలు దాని మీద ఆనించి చూసుకుంది. తర్వాత ఎడమ పక్కకు దూది పెట్టింది. అక్కడ రంగుతో పాటు లప్పమూ మెత్తబడి, గోధుమరంగు ముద్దగా ఊడొచ్చింది. కింద విరిగిన సీసం మిగిలింది.

తమ్ముణ్ణి ఈసారి తన చేత్తోనే పోగొట్టుకున్నానని ఆమె కూలబడి ఏడ్చింది. చిక్కమునియప్ప లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు.

"అది వాడిది కాదు. వాడు ఒక పక్కే పెట్టినాడు, రెండోది మళ్ళా వచ్చి పెడతా బావా అన్నాడు. సగం బండి నీ చేతికి ఎట్లిచ్చేది? సుద్దలో లక్క కలిపి నేనే పెట్టినా. స్పిరిట్ తగిలితే పోతాదని తెలుసు, అందుకే దినాలు జరుపుతా వచ్చినా. వాడిది చూడు, అట్లే ఉండాది."

శాంతమ్మ కన్నీళ్ళు తుడుచుకుని రెండు పక్కలూ తడిమి చూసింది. మెల్లగా, "ఆ పక్క మళ్ళా పెట్టప్పా. పూత మాత్రం వద్దు," అంది.

ఆ మధ్యాహ్నమే పెట్టాడు. మరి ఏ ఆయుధపూజకూ దానికి రంగు తగల్లేదు, బొట్టొక్కటే. ఎప్పుడైనా మీ పిల్లలు మనింట్లో ఉన్న ఆ కారు చేతిలోకి తీసుకుంటే, తెల్లటి పక్క తమ్ముడిది, గోధుమరంగు పక్క మొగుడిది అని మరిచిపోకుండా చెప్పండమ్మా. వాళ్ళను వాళ్ళ పిల్లలకు చెప్పమనండి.