గుప్పెడు నానిన శనగలు

మా తండాలో నా నోటికి అందరూ భయపడతారు. తమ్ముడు ప్రేమ్‌చంద్‌కు మాత్రం నోట్లో నాలుక లేదు. అంత నోరున్న నేను, నోరు తెరవాల్సిన ఒక్క రోజున మూసుకుని కూర్చున్నాను.

నాలుగేళ్ల క్రితం నర్సింహులపేటలో ఆటో నడుపుకునే తమ్ముడికి పేగు మెలిపడి కుళ్లిపోయింది. హైదరాబాద్ దవాఖానలో, చనిపోయిన ఎవరిదో పేగు వాడికి అమర్చారు. అప్పటినుంచి పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి గోలీలు. ఒంట్లోని కాపలా కణాలు కొత్త పేగును పరాయిదని కొట్టకుండా మగతలో ఉంచే గోలీలవి. పచ్చివి, బయటివి తినకూడదు. మొగుడు పోయి పుట్టింట్లోనే ఉన్న నేనే వాడికి వండాను, నీళ్లు కాచాను, గోలీ మరిస్తే తిట్టాను.

ఈ వేసవిలో పరీక్షకు పోతే డాక్టర్ మధుకర్ పేగులోంచి చిన్న ముక్క తీయించి చూశారు. "దాత పేగుతో వచ్చిన కాపలా కణాలు దాదాపు పోయాయమ్మా. ఇప్పుడక్కడ ఉన్నవి మీ తమ్ముడివే. కానీ గోలీలతో అవి మగతలోనే ఉంటాయి, జాగ్రత్త మానొద్దు," అన్నారు. మొదటి మాట కొంగున ముడేసుకున్నాను. చివరి మాట దవాఖాన మెట్ల మీదే వదిలేశాను. ఇంటికొచ్చిన కోడలు కొన్నాళ్లకు మన మనిషైనట్టు, పేగు కూడా మనదైపోయిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆషాఢంలో మా లంబాడీల సీత్ల పండుగ వచ్చింది. ఏడు రాళ్లను అమ్మవార్లుగా నిలిపి, రాత్రంతా నానిన శనగలు నైవేద్యం పెట్టి, పశువుల మీద చల్లి, మిగిలినవి మా ఇంట్లో పచ్చివే పంచుకుంటాం. నాలుగేళ్లుగా తమ్ముడు దూరంగానే నిలబడుతున్నాడు. ఆ రోజు గుప్పెడు తీసి వాడి చేతిలో పోశాను.

"తిను తమ్మీ. ఇగ నీ పేగు నీదే అయింది. డాక్టరే చెప్పిండు."

వాడు నా ముఖం చూసి, తిన్నాడు.

మూడో రోజుకు విరేచనాలు, జ్వరం. హైదరాబాద్ తీసుకుపోయాం. పచ్చివేమైనా తిన్నావా అని మధుకర్ అడిగారు.

"ఏం తినలే సార్. అక్క వండిందే తిన్న," అన్నాడు తమ్ముడు.

నేను పక్కనే ఉన్నాను. సిగ్గుతో తల వంచుకున్నాను.

వాడి ఒళ్లే పేగును కొడుతోందనుకుని మందు పెంచారు. మగతలో ఉన్న కాపలా పూర్తిగా నిద్రపోయింది. శనగలతో వచ్చిన క్రిమి పరీక్షల్లో బయటపడేసరికి పేగు పాడైంది. తీసేశారు. ఇప్పుడు ఛాతీ దగ్గర నరంలోకి ఎక్కించే సీసాయే వాడి తిండి.

అప్పుడు చెప్పాను డాక్టరుకు. "ఆ రోజే చెప్పి ఉంటే మందు పెంచేవాళ్లం కాదమ్మా," అన్నారు. తిట్టినా బాగుండేది.

తమ్ముడి మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాను.

"డాక్టరుకు ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నిన్ను అంటరు గదా."

"తినెటప్పుడన్న వద్దనకపోతివి. తినొద్దని నీకు తెల్వదా?"

"తెలుసక్కా. నాలుగేండ్లల్ల తిట్టకుంట నువ్వు తిండి పెట్టింది గదొక్కసారే. నవ్వుకుంట పెట్టినవ్. వద్దనబుద్ధి కాలే."