నేలకు దగ్గరగా తగిలించిన బొమ్మ

ఆ చిత్రశాలలో అతన్ని అందరూ, తాపీమేస్త్రీ వాలు చూసుకునే పనిముట్టు పేరుతో, రసమట్టం అనే పిలిచేవారు. పటం గోరంత పక్కకి వంగినా ఒట్టి కంటితో పట్టేసేవాడు మరి. ముప్ఫై ఏళ్లుగా గోడలకి బొమ్మలు తగిలించడమే అతని పని. పాత అధికారి హయాంలో గోడల నిండా ఇసుక వేస్తే రాలనన్ని పటాలుండేవి, అన్నీ పెద్ద పేర్లవే. అతని అక్క వేసిన బొమ్మ ఒకటి చిత్రశాల వాళ్లు కొన్నారు గానీ, అది గోదాములోంచి ఏనాడూ బయటికి రాలేదు. కొన్న ఏడాదే అక్క జబ్బుచేసి, రెండేళ్ల కూతుర్ని తమ్ముడి ఒళ్లో పెట్టి కన్నుమూసింది. గోదాములోకి వెళ్లినప్పుడల్లా అతను ఆ పటం దుమ్ము దులిపేవాడు. చుట్టిన గుడ్డ విప్పి చూడ్డానికి మాత్రం ధైర్యం చాలేది కాదు.

ఆయన స్థానంలో కొత్తగా వచ్చిన మేడమ్ సగం పటాలు దింపించేసింది. గోడకొకటి చాలంది.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట," అని గొణుక్కుంటూనే దింపాడు రసమట్టం.

ఆ వారమే ఆవిడ పనివాళ్లందర్నీ పిలిచింది. "ఈసారి బొమ్మలు నేను ఎంచను. మీరే గోదాములోంచి తలా ఒకటి తీయండి. ఎక్కడ, ఎలా పెట్టాలో కూడా మీ ఇష్టం."

రసమట్టం నేరుగా అక్క పటం దగ్గరికే వెళ్లాడు. ఆ మధ్యాహ్నమే గుడ్డ విప్పాడు. బొమ్మలో అమ్మ అటు తిరిగి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మడమలు ఇంతేసి పెద్దవి, తల ఎక్కడో పైన ఇంత చిన్నది. దాన్ని తీసుకెళ్లి మోకాలెత్తున తగిలించాడు.

"పటం కంటి ఎత్తులోనే ఉండాలని మొన్న నాతో వాదించింది మీరే కదండీ!" అంది మేడమ్.

"నేలమీద కూర్చున్న పిల్ల కంటితో వేసిందమ్మా మా అక్క. వంటింట్లో అమ్మ వెనక మేమిద్దరం అలాగే కూర్చునేవాళ్లం."

ఆవిడ వంగి బొమ్మని చూసింది. "ఈ మాటే పక్కన చీటీ మీద రాద్దాం," అంది తర్వాత. అప్పటిదాకా ఆ చీటీల మీద పేరూ సంవత్సరం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ప్రదర్శన తెరిచిన రోజు మేనకోడలు వచ్చింది. చీటీ చదివి, అక్కడే చతికిలబడింది.

"అమ్మకి వాళ్లమ్మ ఇలా కనబడేదా మామయ్యా?"

"అవునే తల్లీ."

"నాకు మా అమ్మ ఎలా కనబడేదో ఎంత గింజుకున్నా గుర్తురాదు."

అతను మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కన కూర్చున్నాడు. "మీ అమ్మ బొమ్మ వేసేటప్పుడు నేను వెలుతురికి అడ్డమొస్తే, 'ఒరేయ్, గోడలా నిలబడకురా' అని కసిరేది," అన్నాడు.

ఆ పిల్ల నవ్వింది. కళ్లు తుడుచుకుని ఇంకోటి చెప్పమంది. ఆ నెలంతా ప్రతి సెలవురోజూ వచ్చి ఇంకోటి చెప్పమనేది. అతను జ్ఞాపకాల అడుగు గోకి మరీ చెప్పేవాడు.

ప్రదర్శన ముగిసింది. బొమ్మ గోదాముకి వెళ్లిపోయింది. ముప్ఫై ఏళ్లలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి, మళ్లీ ఎప్పుడు పెడతారని ఇప్పుడు వారానికోసారి మేడమ్‌ని అడుగుతున్నాడు. చూద్దాం అంటుందావిడ. సాయంత్రం మేనకోడలు ఫోన్ చేసి బొమ్మ మళ్లీ ఎప్పుడని అడిగితే, అతనూ అదే మాట చెబుతున్నాడు.