గోదాంలో తనిఖీ

దిల్‌సుఖ్‌నగర్‌లో మెరిసిపోయే బట్టల దుకాణం ఒకటుంది. అందులో ఊడ్చి తుడిచే ఆడవాళ్లంతా సాయంత్రం దొంగల్లా వరసలో నిలబడాలి. కొంగు దులిపి చూపితేనే ఇంటికి. అనుమానమొస్తే కాంట్రాక్టరు బాపిరాజు ఒక్కదాన్ని గోదాంలోకి పిలుస్తాడు. అనుమానం ఎవరిమీద రావాలో కూడా వాడిష్టమే!

ఆ రోజు ఎలీశమ్మను పిలిచాడు. బయటికొచ్చినప్పుడు ఆమె జాకెట్టు చినిగి ఉంది. వరసంతా తల దించుకుంది. అయ్యో, ఎవరిని తిట్టగలం? అందరి ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. అప్పట్నుంచి ఎలీశమ్మకు చర్చిలో పాట కూడా పెదవుల మీదే ఆగిపోయేది.

ఆమెతో కలిసి పనిచేసే సైదమ్మ ఓ ఆదివారం ఆమెను ఎల్‌బీ నగర్ తీసుకుపోయింది. అక్కడ విజయదుర్గ అనే కరాటే టీచరు తన డాబామీద, ఇలా దెబ్బతిన్న ఆడవాళ్లకు చెయ్యి విడిపించుకోవడం నేర్పుతోంది. సైదమ్మ బాపిరాజులా నటిస్తూ, లేని మీసం తిప్పి ఎలీశమ్మ మణికట్టు పట్టుకుంది.

"ఒద్దు సార్... ఇడ్సిపెట్టుండ్రి సార్..."

అందరూ నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వాళ్ల నోట్లోనూ అదే మాట.

"ముందు ఆ 'సార్' మానెయ్యండమ్మా," అంది విజయదుర్గ. "సార్ అంటూ ఎవరైనా కొట్టగలరా?"

తర్వాత సైదమ్మ బతుకమ్మ వరసలో చప్పట్లు కట్టింది. ఒక్కొక్కరూ తమ గోస పాడాలి, తక్కినవాళ్లు 'ఉయ్యాలో' అనాలి.

"మేం బతుకమ్మ ఆడం అక్కా," అంది ఎలీశమ్మ.

"పువ్వుల్లేవు, గౌరమ్మ లేదు పిల్లా. నీ దుఃఖమే నడిమిట్ల వెట్టు."

వారాలు గడిచాయి. ఎలీశమ్మ నోట 'ఉయ్యాలో' తప్ప ఇంకో మాట రాలేదు.

ఓ సాయంత్రం బాపిరాజు కొత్తపిల్ల మౌనికను గోదాంలోకి రమ్మన్నాడు. పిల్ల వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయింది. ఎలీశమ్మ వరస తప్పి అడ్డం నిలబడింది. వాడు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మణికట్టు తిప్పి విడిపించుకుని, మోచేత్తో ఒక్కటిచ్చింది. వాడి ముక్కు పగిలింది.

"బాపిరాజూ! గోదాంల నన్నేం జేసినవో గీడ్నే చెప్త!"

ఏడుస్తూ, రాగం తీస్తూ, మొత్తం చెప్పింది. వరసంతా చప్పట్లు కట్టి 'ఉయ్యాలో' అంది. చీరలు కొనడానికొచ్చినవాళ్లు సంచులు కింద పెట్టి నిలబడిపోయారు.

పోలీసులొచ్చి ఎలీశమ్మనే వ్యాన్ ఎక్కించారు. మనకు దొరికే న్యాయం అంతేగా మరి! ఆడవాళ్లంతా వెనకాలే స్టేషన్‌కు నడిచారు.

"సార్‌కు సారీ చెప్పి పో," అన్నాడు ఎస్సై.

"నా కంప్లెయింట్ రాయుండ్రి. నా గతి గీ పిల్లకు రావొద్దు."

మౌనిక ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా... నన్ను మొన్ననే పిలిచిండు. నువ్వు ఆ దినం పనికి రాలె."

ఎలీశమ్మ కుప్పకూలింది. కాపాడాననుకుందే, పిచ్చితల్లి! పిల్లను ఒళ్లోకి లాక్కుని గుండెలు బాదుకుంది. చాలాసేపటికి మొహం తుడుచుకుంది.

"రెండు రాయుండ్రి," అంది.

"మూడు," అంది వెనక నుంచి సైదమ్మ. ఇన్నాళ్లూ అందరి చేతా పాడించిన మనిషి, తన గోస ఒక్కసారీ పాడలేదు.

తలుపు దగ్గర మరో చెయ్యి లేచింది. ఎస్సై పెన్ను కింద పెట్టేశాడు.

"పెన్ను పట్టుకో, రాయి," అంది ఎలీశమ్మ, నేలమీద నుంచి లేవకుండానే. ఆడవాళ్లంతా వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు.