చెంపక్క గీసిన సగం సున్న

జిగురు పని చేసే హాల్లో ఆ ఫ్యాను కట్టేయించింది మీరే, యజమానిగారూ. గుండె మీద చెయ్యేసుకుని కాదనండి చూద్దాం! తడి జిగురు మీద దుమ్ము పడితే అతుకు నిలవదని అట్టముక్క మీద రాయించి, స్విచ్చుకి అంటించింది మీరే. అతుకు నిలిచింది. మనిషి నిలవలేదు. ఆ మనిషి మొహం కూడా మీకు గుర్తుండదు. అందుకే ఆమె ఆఖరి రోజు ఎలా గడిచిందో వినండి.

ఆ ఉదయం చెంపక్క కిటికీ దగ్గర నిలబడి గోళ్ళు అరగదీసుకుంటోంది. రోజూ చేసే పనే. బూర మీద పనిచేసే మనిషికి గోరు ఉండకూడదు, వేలికి ఉంగరం ఉండకూడదు. ఒక్క గీత పడిందంటే ఆ బట్ట ఇక గోనెపట్టాకే పనికొస్తుంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. వేళ్ళ చివరలు జిగురు తిని తిని నీళ్ళలో నానినట్టు తెల్లగా ముడతలు పడ్డాయి. కుడి చెంప ఒక్కటే నున్నగా ఉంటుంది. దానికి పౌడరు రాయదు, ఎండ తగలనివ్వదు. అది ఆమె పనిముట్టు.

కొన్నాళ్ళుగా ఆమె గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడదు. జిగురు వాసనకి దూరంగా వెళ్ళమని డాక్టరు చెప్పేశాడు.

భర్త వాకిట్లో సైకిల్ ట్యూబు నీళ్ళలో ముంచి కన్నం వెతుకుతున్నాడు. పంక్చర్లు వెయ్యడం ఆయన పని.

"ఇవాళైనా అడుగుతావా?"

"అడుగుతాను."

"నిన్నా ఇదే మాట. మెత్తగా ఉంటే మొత్తబుద్ధే ఎవడికైనా."

"ఇవాళ్టితో బూర అయిపోతుందయ్యా. అవగానే జిగురు వాసన లేని మడతల గదికి మారుస్తానని సూపర్వైజరు మాటిచ్చాడు."

"మొగుడికి చెంప ఇవ్వడానికి తీరిక లేదు గానీ, ఆ బూరకి రోజంతా ఇస్తావు. నాలాగా నీళ్ళలో ముంచి చూడమను."

"దాన్ని ముంచే తొట్టి కావాలంటే చెరువు తేవాలి. తెస్తావా?" అని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. ఆయన ట్యూబు వదిలేసి, తడి చేతులతోనే ఆమె వీపు నిమిరాడు.

బూర అంటే పిల్లలాడుకునేది కాదు. బండి టైర్లలాంటి గాలి రింగులు, ఒకదానికంటే ఒకటి పెద్దవి, వరసగా పేర్చి పట్టీలతో బిగించి, పైన వేడికి కాలని బట్ట తొడుగుతారు. ఇంటి కప్పంత గొడుగు అవుతుంది. దాన్ని మడిచి పీపాలో కుక్కి, రాకెట్ నెత్తిన పెట్టి వేరే గ్రహానికి పంపుతారు. అక్కడికి చేరాక అది గాలి పోసుకుని విచ్చుకుంటుంది. నిప్పులు కక్కుతూ పడిపోయే నౌకని, అక్కడున్న పలచని గాలినే పొట్టతో అడ్డుకుని, నెమ్మదిగా దించుతుంది. గాలి కారిందా, నౌక బూడిదే.

కారుతున్న సంగతి మీటరు చెబుతుంది. ఎక్కడో చెప్పదు. సబ్బునీళ్ళు పూస్తే బట్ట పాడవుతుంది. అందుకని అతుకు వెంట చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, చీమ ఊదినంత గాలి కోసం వెతకాలి. దొరికిన చోట నీలం మైనపు పెన్సిలుతో సున్న చుట్టాలి. ఆమె చెంప పెట్టిందంటే హాలంతా బిగుసుకుపోవాలి. నడవకూడదు, మాట్లాడకూడదు, తలుపు తియ్యకూడదు. కదిలితే గాలి కదులుతుంది. ఆ పద్ధతి అక్కడ అందరికీ ఒంటబట్టిపోయింది.

హాల్లో అడుగుపెడుతూనే సూపర్వైజరుని పట్టుకుంది.

"సార్, మడతల గది సంగతి..."

"ఈ ఒక్క రింగు కానియ్యక్కా. నువ్వు పోతే చెంప ఎవరు పెడతారు?"

"మా తోడికోడలు లేదూ?"

"ఆవిడ చెంప మొద్దు."

పక్కనే కత్తెర పట్టుకుని ఉన్న తోడికోడలు ఊరుకుంటుందా? "మొద్దే సార్. ఇంట్లో మా ఆయన మాటలు, ఇక్కడ మీ మాటలు! దున్నపోతు తోలైనా మొద్దుబారుద్ది."

అందరూ నవ్వారు. నవ్వుల మధ్యే చెంపక్క మళ్ళీ అంది: "పోనీ అంటించేటప్పుడు ఆ మాస్కన్నా ఇప్పించండి సార్."

గోడకి కొక్కేలున్నాయి. కొక్కేలకి మాస్కులున్నాయి, కవరు విప్పకుండా. సూపర్వైజరు వాటి వైపు చూశాడు. "అవి చూడ్డానికొచ్చే పెద్దోళ్ళకక్కా. అయినా మాస్కు పట్టీ రాసుకుంటే నీ చెంప కందిపోదూ?"

చెవిటివాడి ముందు శంఖం. ఆమె చెప్పులు విడిచి రింగుల మధ్యకి దూరింది. లోపల పసుపుపచ్చ గుడ్డ గోడలు, మోచేయి మడవడానికి కూడా చోటులేని ఇరుకు. వెల్లకిలా పడుకుని, ఛాతీ మీద జిగురు డబ్బా పెట్టుకుని, అతుకు మీద కుంచె నడిపింది. ఫ్యాను తిరగడం లేదు. వాసన ఎటూ పోలేక ఆమె ముక్కులోకే పోయింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"అక్కా, బయటికి రా. కాసేపు కూర్చో," అంది తోడికోడలు.

"అతుకు మధ్యలో ఆపితే మొదటికొస్తదే. కానియ్యి, అయిపోవచ్చింది."

బయటికొచ్చినప్పుడు పెదవులు సిరా తాగినట్టున్నాయి. మధ్యాహ్నం రింగులకి గాలి పట్టించారు. బూర లేచి నిలబడింది. మీటరు ముల్లు కొంచెం జారింది. ఆమె రింగు మీదికి వాలి చెంప ఆనించింది.

"చెంప పెట్టింది," అన్నారెవరో. అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. సూపర్వైజరు ఎత్తిన కాలు దించలేక కొంగలా నిలబడ్డాడు. తోడికోడలు తుమ్ము ఆపుకోవడానికి ముక్కు నులుముకుంది.

చెంప అతుకు వెంట జరిగింది, ఆగింది. పెన్సిలు బట్టకి తగిలింది. నీలం గీత మెల్లగా వంపు తిరిగి సగం దాకా వచ్చి నిలిచిపోయింది. సరిచూసుకుంటోంది అనుకున్నారు. పెన్సిలు జారి నేలమీద దొర్లింది. ఎవరూ వంగి తియ్యలేదు. కదలకూడదు కదా! ఆమె కణత దగ్గర ఒక్క వెంట్రుక అల్లాడుతూనే ఉంది. దాన్ని చూసి, ఆమె ఊపిరే అనుకుని అందరూ ధైర్యంగా ఉన్నారు. ఆమె పని చెడగొట్టకూడదని, ఆమె మీద గౌరవంతోనే, రాళ్ళలా నిలబడ్డారు.

చివరికి తోడికోడలికి తుమ్ము ఆగలేదు. అంత చప్పుడుకీ చెంపక్క కన్ను తెరవలేదు, ఎప్పుడూ తిట్టే తిట్టు తిట్టలేదు. "అక్కా!" అని పరుగెత్తి భుజం పట్టుకుంటే భుజం పక్కకి ఒరిగిపోయింది. వెంట్రుకని ఆడించింది బూరలోంచి కారే గాలి.

భర్త వచ్చి హాలంతా చూశాడు. ఒక్కటే అడిగాడు.

"ఆ ఫ్యాను పాడైపోయిందా?"

"లేదు బావా," అంది తోడికోడలు.

గుండె బలహీనమని మీరు తేల్చేశారు. ఆ సగం సున్న దగ్గరే కన్నం దొరికింది. దాని మీద మాసిక వేయించారు, ఫ్యాను కట్టేసే!

ఇక చాలు. ఆ అట్ట చింపండి. దుమ్ము వడగట్టిన గాలి మీ మిషన్ల గదికి పెట్టుకున్నారు, జిగురు పనికీ పెట్టండి. మాస్కులు కొక్కేల మీద నుంచి దించండి. చెంప పెట్టిన మనిషి భుజం మీద ఇంకో మనిషి చెయ్యి ఉండాలి. బూర గాలి ఎంతుందో చూడటానికి మీటరు పెట్టారు, మనిషి ఊపిరి చూడటానికి ఆ చెయ్యన్నా పెట్టండి. ఇవాళే.

నేలమీద దొర్లిన ఆ నీలం పెన్సిలుని తోడికోడలు తీసి, అట్ట అంటించిన స్విచ్చు బోర్డు మీద పెట్టింది. మొన కొద్దిగా అరిగి, ఇంకా అక్కడే ఉంది.