ఇంటూ గుర్తు ఉన్న చోట

"చెయ్యి కడుక్కొని రా. దస్కత్ పెట్టాలె."

మా ఆయన సారంగపాణి తొమ్మిదేళ్లుగా నన్ను మెత్తగా పిలిచేది ఈ ఒక్క పనికే. ఆ బుధవారం మధ్యాహ్నం నేను పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తున్నాను. ఆయన కాగితాల కట్ట పీట మీద పెట్టి, పైన పెన్ను పెట్టి, అన్నానికి కూర్చున్నాడు. సంతకం పెట్టాల్సిన ప్రతి చోటా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు ఉంటుంది. మొదటి ఏడు ఇదేమిటని అడిగితే, "సదివేదేముంది, ఇంటూ ఉన్న కాడ పెట్టు" అన్నాడు. అప్పటి నుంచి అడగలేదు.

ఆయన సర్కారు ఆఫీసులో గుమస్తా. సర్కారు నౌకరు వ్యాపారం చేయకూడదు. అందుకే మా ఇంటి ముందుగదిలో ఎరువుల దుకాణం తెరిచినప్పుడు లైసెన్సు నా పేరున తీశాడు. గల్లా వెనక గోడకు అద్దాల ఫ్రేములో వేలాడుతుంది: యజమాని, శ్రీమతి కళావతి. యజమానిని కాబట్టి పొద్దున్నే దుకాణం నేనే ఊడుస్తాను. ఆయన ఆఫీసులో ఉన్నంతసేపూ నేనూ, కాలేజీ నుంచి వచ్చాక నా కూతురు శారదా గల్లాలో కూర్చుంటాం. సాయంత్రం ఆయన రాగానే లేచి వంటింట్లోకి పోతాం. రైతులు ఆయన్ని సేటు అంటారు. నన్ను సేటు ఇంటామె అంటారు.

పెళ్లైన ఏడాదికి నాకు టీచర్ ట్రైనింగులో సీటు ఇచ్చినట్టు కార్డు వచ్చింది. ఆ కార్డును మా అత్త మొగిలమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "దస్కత్ పెట్టొస్తది గదా, ఆడిదానికి సాలు" అని పొయ్యిలో పెట్టింది. ఆ మంట మీదే ఆ పూట అన్నం వండాను. అన్నం బాగానే ఉడికింది. అందరూ తిన్నారు.

ఇప్పుడు, 1983 జూన్‌లో, శారదకు రెండు సీట్లు వచ్చాయి. ఒకటి హన్మకొండలో మామూలు డిగ్రీ. ఇంకొకటి హైదరాబాదులో వ్యవసాయ డిగ్రీ, హాస్టల్లో ఉండి చదవాలి. అక్కడ గురువారం సాయంత్రం ఐదు గంటల లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లతో, తండ్రి సంతకం చేసిన హామీపత్రంతో హాజరు కావాలి. ఒరిజినల్స్ ఒక్క సెట్టే ఉంటాయి. ఒక కాలేజీలో ఇస్తే రెండోది పోయినట్టే. ఆ సెట్టును మా ఆయన దుకాణంలోని ఇనుప బీరువాలో పెట్టి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"రేపు పొద్దుగాల పది గంటలకు హన్మకొండ కాలేజీల ఇచ్చేస్త. ఫికర్ ఖతం" అన్నాడు రొట్టె తుంచుతూ. హన్మకొండ అయితే పిల్ల మధ్యాహ్నానికే ఇంటికొచ్చి గల్లాలో కూర్చుంటుందట. హైదరాబాదు పోతే నేనొక్కదాన్నే పొయ్యి చూస్తానా, దుకాణం చూస్తానా అని అడిగాడు. నా మీద జాలితో అడిగినట్టే అడిగాడు.

ఆ జాలి శారదను కూడా కట్టేసింది. ముందురోజే నాతో అన్నది, "నేను పోతే నువ్వొక్కదానివే అయితవమ్మా. ఇక్కడనే సదువుకుంట తియ్యి." పదిహేడేళ్ల పిల్ల తన సీటును నా పొయ్యిలో తానే పెట్టబోతోందని అర్థమైంది.

ఆయన చేయి కడుక్కుని ఆఫీసుకు వెళ్లిపోతూ, సాయంత్రానికి కాగితాలు తయారుగా ఉండాలన్నాడు. లైసెన్సు రెన్యువల్‌కు గడువు శుక్రవారం. అది దాటితే వానాకాలం అమ్మకాలు బంద్.

నేను పెన్ను తీసుకునే లోపల దుకాణంలో కేక వినిపించింది. రఘునాథపల్లి నుంచి వచ్చిన ముసలి రైతు రాయమల్లు చేతిలో డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున మా ఆయన మిరపతోటకు ఇచ్చిన పురుగుమందు అది. బస్సెక్కే ముందు ఎందుకో అనుమానం వచ్చి వెనక్కి తెచ్చాడు. శారద డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదివింది.

"తాతా, ఇది పురుగుమందు కాదు. వరిల గడ్డికి కొట్టేది. మిరపకు కొడితే తోట మాడిపోతది."

"సేటు ఇదే అన్నడు గద బిడ్డా."

"సేటు సదవలే, తాతా."

డబ్బా మార్చి ఇచ్చి, ఎంత నీళ్లలో ఎంత కలపాలో రెండుసార్లు చెప్పి పంపింది. రాయమల్లు వెళ్లాక శారదను అడిగాను, "నా సంగతి పక్కకు పెట్టు. నీకేం కావాలె?"

శారద ఆ డబ్బా వైపు చూసింది. "దీనిమీద ఈ రాతలు రాసెటోళ్లల్ల ఒకదాన్ని కావాలె" అన్నది. అని, తప్పు చేసినట్టు తల దించుకుంది.

నేను వంటింట్లోకి వచ్చి పీట ముందు కూర్చున్నాను. సేటు చదవలేదు. మరి సేటు ఇంటామె? తొమ్మిదేళ్లలో మొదటిసారి మొదటి కాగితం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. ఒకటి రెన్యువల్ దరఖాస్తు. రెండోది సరుకు వివరాలు. మూడోది ప్రతి ఏడూ ఉండే హామీ. నాలుగో కాగితం ఎన్నడూ చూసింది కాదు. 'కళావతి అను నేను, ఆరోగ్యం సరిగా లేనందున, దుకాణం నడిపే శక్తి లేనందున, లైసెన్సును నా మరిది శ్రీనివాస్ పేరున మార్చుటకు నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.' కింద పెన్సిల్ ఇంటూ.

నా ఆరోగ్యానికి ఏమీ కాలేదు. ఆ పొద్దున్నే యాభై కిలోల యూరియా బస్తా ఈడ్చి మూలకు వేశాను. నన్ను గోడ మీద నుంచి దించేస్తారు, గల్లాలో మాత్రం ఉంచుతారు. నా కూతుర్ని కూడా పక్కనే కూర్చోబెడతారు. నా పేరైనా ఉండని దుకాణంలో మా ఇద్దరికీ జీవితకాలం నౌకరీ.

ఏడవలేదు. శారద నోటుపుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి ఉత్తరం రాశాను. కవర్లో పెట్టి, పైన మా ఆయన పైఅధికారి పేరు రాసి, స్టాంపు అంటించాను. కవరు మూతి మాత్రం అంటించలేదు. తర్వాత శారద హామీపత్రం తీసి, తండ్రి సంతకం అని ఉన్న చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాను. ఆ గుర్తు ఆయన పెట్టినదానికన్నా నీటుగా వచ్చింది.

ఐదున్నరకు ఆయన వచ్చాడు. చెంబుతో నీళ్లిచ్చి, పీట మీద హామీపత్రం పెట్టి, పెన్ను మూత తీసి చేతికిచ్చాను.

"ఏందిది?"

"దస్కత్ పెట్టుండ్రి."

"ఆగు, సదవనీ."

"సదివేదేముంది. ఇంటూ ఉన్న కాడ పెట్టుండ్రి."

తల ఎత్తి చూశాడు. ముందు నవ్వాడు. తర్వాత, ఆడదానికి ఇంత నాలుక ఎప్పుడొచ్చిందన్నాడు. తన కాగితాలేవని అడిగాడు. నాలుగో కాగితం తీసి ఆయన ముందు పరిచాను. కవరు దాని పక్కన పెట్టాను. మూతి తెరిచే ఉంది కాబట్టి ఉత్తరం తీసి చదువుకున్నాడు. అందులో పెద్దగా ఏమీ లేదు. ఒక ప్రశ్న రాశాను. మీ ఆఫీసులో సారంగపాణి అనే గుమస్తా తొమ్మిదేళ్లుగా భార్య పేరున ఎరువుల వ్యాపారం చేస్తున్నాడు, ఇది కాయిదా ప్రకారం సరేనా, దయచేసి తెలుపగలరు. కింద నా సంతకం.

"నౌకరి పోతదే" అన్నాడు.

"పోతది."

"ఇల్లెట్ల నడుస్తది?"

"దుకాణం ఉన్నది గద. నాదే."

మంచం మీద నుంచి మొగిలమ్మ లేచి కూర్చుంది. ఇంతకాలం గంజి పోసి సాకితే పాము తయారైందని తిట్టింది. ఆమె వైపు తిరిగి, "అత్తమ్మా, నాకు దస్కత్ పెట్టొస్తది. మీరే అన్నరు, సాలని" అన్నాను. ఆమె మళ్లీ పడుకుంది.

ఆయన ఉత్తరం పక్కన పెట్టి, హామీపత్రం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఇంటూ మీదనే సంతకం చేశాడు. చదవలేదు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పడానికి వేళ్లు తడబడ్డాయి. నేను సాయం చేయలేదు. శారద వెళ్లి బీరువా తెరిచి సర్టిఫికెట్లు తెచ్చుకుంది.

"ఇగ నా కాయితాల మీద పెట్టు" అన్నాడు.

"సదివి పెడత."

గురువారం తెల్లవారి బండికి కాజీపేట స్టేషన్‌కు బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు. మొగిలమ్మ లోపలి నుంచి, ఇయ్యాల అన్నం ఎవలు వండుతరని అడుగుతోంది. ఆయన నా చేతిసంచి వైపే చూస్తూ, "రేపే ఆఖరి దినం, కళా" అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను పేరుతో పిలవడం అదే మొదలు. వినడానికి బాగుంది. రిక్షా ఎక్కాను.

బండి కాజీపేట దాటాక శారద సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అడిగింది, "బాపు కాయితాల మీద దస్కత్ పెట్టినవా అమ్మా?"

సంచిలోంచి కట్ట తీశాను. రబ్బరు కూడా తెచ్చుకున్నాను. నాలుగో కాగితం మీది పెన్సిల్ ఇంటూను శుభ్రంగా చెరిపి, ఆ పొట్టును కిటికీలోంచి ఊది, కట్టను మళ్లీ మొదటి పేజీ నుంచి తెరిచాను.

"ఇంకా సదువుతున్న బిడ్డా. తొమ్మిదేండ్లది బాకి ఉన్నది. నేను జర నిమ్మలంగ సదువుత."