గండుచీమల చలికాలం

"బెల్లం గదికి పోయొచ్చినావా?" అని మా అత్త సుందరమ్మ అడగని పొద్దు లేదు. మొహం కడుక్కున్నావా అని కాదు, కాఫీ తాగినావా అని కాదు. బెల్లం గదికి పోయొచ్చినావా. బళ్ళారిలో మాది బెల్లం టోకు అంగడి. కంప్లి నుంచి వచ్చే అచ్చులన్నీ ఇంటి వెనక గదిలో గోనెపట్టాల మీద దొంతర్లుగా పేర్చి ఉండేవి. వాటికి చీమ పట్టకుండా చూడడం కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ నా వంతు. ఒక చేతిలో కిరసనాయిలు గుడ్డ, ఇంకో చేతిలో గమాక్సిన్ మందుపొడి డబ్బా పట్టుకొని, బారుతీరి వచ్చే చీమల వెంట పోయి, అవి ఏ సందులోంచి వస్తున్నాయో కనిపెట్టి ఆ సందు మూయాలి. దీన్ని ఎవరూ పని అనేవాళ్ళు కాదు. మా ఇంటాయన విరూపాక్షయ్య పొద్దంతా అంగట్లో దిండుకు ఆనుకొని కూర్చునేది పని. సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, "అబ్బా, నడుములు పడిపోయినాయి" అంటే నేను వేణ్ణీళ్ళు తోడేదాన్ని.

చంపడానికైనా సరే, రోజూ వెంటపడితే ఎవరి సంగతి వాళ్ళకు తెలిసిపోతుంది. గోడవారన గుంపుగా పోయే నల్లచీమలు, కుట్టి కుట్టి చంపే ఎర్రచీమలు, ఎవరితోనూ పనిలేనట్టు ఒంటరిగా నడిచే గండుచీమలు. గండుచీమ దారిలో ఇంకో గండుచీమ ఎదురైతే ఆగుతుంది, మీసాలతో మొహం తడిమి, ఏదో అడిగి, ఏదో చెప్పి పోతుంది. ఆ ఇంట్లో నన్ను ఆపి అట్లా అడిగినవాళ్ళు లేరు.

మొదటి కాన్పులో బిడ్డ కడుపులోనే పోయింది. రెండోసారి ఆడపిల్ల పుట్టింది. నెల నిండేలోపు ఒక మధ్యాహ్నం పాలు తాగుతూ తాగుతూనే చల్లబడిపోయింది. మగవాళ్ళు తీసుకుపోయి పూడ్చి వచ్చారు. యాడ పూడ్చినారని అడిగితే, "ఆ మాటలన్నీ ఇప్పుడేంటికి?" అన్నాడు ఆయన. నేను గోడకు తల ఆనించి ఏడుస్తుంటే అత్త వచ్చి నా నోరు మూసింది. "ఏడవగాకు. తల్లి కండ్ల నీళ్ళు పడితే మళ్ళా కడుపు నిలబడదు." ఆయన వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ, "అమ్మ చెప్పినట్టు ఇను" అని అంగడికి పోయినాడు. ఏడవలేదు. చేపుకొచ్చిన పాలు రవికె తడిపేస్తే కొంగు కప్పుకున్నాను. తెల్లారగానే, బెల్లం గదికి పోయొచ్చినావా?

ఆ ఏడు తొలివాన బాగా పడింది. వాన వెలిసిన సాయంత్రం బెల్లం గది గడప మీద ఒక పెద్ద గండుచీమ, రెక్కలతో ఉన్నది, నేల మీద తిరుగుతూ ఉంది. చూస్తుండగానే తన కాళ్ళతో తనే రెక్కలను తోసి తోసి ఊడదీసుకుంది. ఎవరూ పెరకలేదు. రెక్కలు రెండు పక్కల పడిపోయాయి, అది వాటి వంక తిరిగి కూడా చూడక చోటు వెతుక్కుంటూ పోతోంది. తొక్కడానికి ఎత్తిన కాలు నేను దించలేకపోయాను. ఎందుకని ఇప్పటికీ చెప్పలేను. అలమరలో నా బిడ్డకు తెచ్చిన గ్రైప్ వాటర్ సీసా ఖాళీగా ఉండింది. కడిగి, అడుగున తడి దూది పెట్టి, దాన్ని అందులోకి దించాను. మూతికి పలచని గుడ్డ కట్టి బట్టల పెట్టె వెనక దాచాను.

బెల్లం పలుకు వేస్తే ముట్టలేదు. నీళ్ళు తప్ప ఏమీ లేకుండా, చీకట్లో ఒక్కతే తెల్లటి గుడ్లు పెట్టింది. వాటిని నోట పట్టుకొని ఇటునుంచి అటు మారుస్తుంది, నాకుతుంది, మళ్ళీ కుప్ప చేసుకుంటుంది. తనేమీ తినకుండా పిల్లల్ని ఎట్లా సాకుతోందా అని నాకు దిగులు. శ్రావణం వెళ్ళేసరికి పిడికెడు ప్రాణాలు తయారయ్యాయి, ఈనె ముక్కంత సన్నంగా. ఆ రోజు మొదటిసారి అవి బెల్లం నీళ్ళ చుక్క దగ్గరికి వచ్చి తాగి, పోయి తల్లి నోటికి అందించాయి. నేను పెట్టె వెనక చతికిలబడి నవ్వుకున్నాను. అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో.

సీసా చాలదని తోచింది. పాత పటాల అద్దాలు రెండు అటక మీద ఉన్నాయి. వాటి మధ్య మన్ను పోసి గూడు కడితే లోపల జరిగేదంతా కనబడుతుంది కదా అనుకున్నాను. అంగడికి చెక్కపెట్టెలు కొట్టే హులిగప్పను నాలుగు బద్దలు అడిగాను.

"ఏందమ్మా కట్టేది?" అన్నాడు.

"ఇల్లు."

"ఎవురికి?"

"ఉండేవాళ్ళకి."

అతను నవ్వి, మూలలు సరిగ్గా కలిసేట్టు కోసి ఇచ్చాడు. మొదట కట్టినది ఎండి బీటలు వారి, లోపల రెండు చీమలు నలిగిపోయాయి. తర్వాత కట్టినది బూజు పట్టింది. ఎర్రమన్నులో ఇసుక కలిపి, అరచేత్తో అదిమి, తడిగా ఉన్నప్పుడే పుల్లతో అరలు, దారులు తీసి, ఒక మూల తడి దూదికి చోటు వదిలినాక అది నిలిచింది. పైన నా ఎర్ర రవికెగుడ్డ కప్పితే అవి బెదరడం లేదని కనిపెట్టాను. తెల్ల గుడ్డ కప్పితే పరుగులు పెట్టేవి. చుట్టూ నీళ్ళ పళ్ళెం పెట్టాను. ఊరంతా చీమలు రాకుండా నీళ్ళు పెడుతుంది, నేను అవి పోకుండా పెట్టాను. ఆ పని చేస్తున్నంత సేపూ నా చేతులు నావిగా అనిపించేవి.

ఎన్నాళ్ళని దాగుతుంది? అత్త చూసింది. "చూడప్పా విరూపాక్షా, చీమలను చంపమంటే దొరసాని చీమలను సాకుతాండాది!" అని కొడుకును పిలిచింది. ఆయన వంగి, కాసేపు ఇష్టంగానే చూశాడు.

"దీంట్లో రాణి యాది?"

చూపించాను.

"ఇది ఈడనుంచి కదలదా?"

"కదలదు. కంటా ఉంటాది."

"అదృష్టం చేసుకునింది," అన్నాడు. నన్ను నొప్పించాలని కాదు. ఆ మాట నా వైపు వస్తుందని కూడా ఆయనకు తోచలేదు. వంగినవాడు లేచి, పంచె దులుపుకొని పోయాడు. ఉండనివ్వమన్నాడు కాబట్టి గూడు ఉండిపోయింది. అత్త మాత్రం వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, "పిల్లలు నిలవని దానికి చీమలే పిల్లలు" అని.

చలి మొదలైంది. మార్గశిరం మధ్యలో ఒక పొద్దు చూస్తే అవి కదలడం లేదు. తల్లి చుట్టూ ముద్దగా చేరి, ఒకదాని మీద ఒకటి, కాళ్ళు ముడుచుకొని. బెల్లం నీళ్ళు అట్లే ఉన్నాయి. ఊదితే ఉలికిపాటు లేదు. నా చేతుల్లో ఇంకొకటి చల్లబడిపోయింది అనుకున్నాను. ఈసారి ఎవరైనా నోరు మూసేలోపే ఏడ్చేశాను. అత్త గుమ్మంలో నిలబడి, "థూ, బిడ్డకు ఏడవని కండ్లు చీమలకు ఏడుస్తాండాయే" అంది.

పారేయడానికి మనసు రాక నీళ్ళ బిందెల అరుగు కింద చల్లటి మూలలో పెట్టాను. దూది తడపడం మాత్రం మానలేదు, ఎందుకో అలవాటు. శివరాత్రికి చలి శివ శివా అని పోతుందంటారు. పోయింది. ఆ వారంలోనే ఒకటి మీసం కదిపింది. మరునాడు ఇంకొకటి కాలు చాపింది. తర్వాత గూడంతా మేలుకొని, ఆకలితో, బెల్లం నీళ్ళ మీద వాలింది. అవి చావలేదు. పడుకున్నాయి. చేయగలిగినంత చేసి, చలికి ఆగిపోయాయి. ఆగితే ఇల్లు కూలిపోతుందని వాటికి ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఏడు నాకు తెలుసు. దసరా నుంచీ బాగా మేపాను. చలి రాగానే అరుగు కిందికి చేర్చి, గుడ్డ ఎత్తి చూడకుండా నన్ను నేనే అదుపులో పెట్టుకున్నాను. అప్పటికి నాకు మళ్ళీ నాలుగో నెల.

అదే చలిలో మా ఆడబిడ్డ నాగలక్ష్మి తొలికాన్పుకు ఆదోని నుంచి వచ్చింది. మంచి పిల్ల. "వదినా, నువ్వు కూర్చో" అనేది, కానీ తనూ లేవలేనిది. వీధి కొళాయి నుంచి నీళ్ళు మోయడం, చూలాలికి కోరినవి వండడం, గుడ్డలు ఉతకడం, స్నానాల బచ్చలింట్లో వేణ్ణీళ్ళు కాగే హండే పొయ్యి ఆరకుండా చూడడం, అన్నీ నావే. ఒక పొద్దు బిందె దించి గోడ పట్టుకున్నాను.

"అత్తా, నడుములో లాగుతాంది. ఈ పూట పడుకుంటా."

"నువ్వు పడుకుంటే నీళ్ళెవురు తెస్తారే? మేమందరం కన్నోళ్ళమే. మా అత్త నన్ను కాన్పు పొద్దు దాకా రోట్లో పిండి రుబ్బించింది."

ఆయన భోజనం దగ్గర ఉన్నాడు. విన్నాడు. "ఇంకొన్ని దినాలే కదా" అన్నాడు.

నాగలక్ష్మికి మగపిల్లాడు పుట్టాడు. ఉయ్యాల నాడు అమ్మలక్కలు వస్తారని నన్ను వంటింట్లోనే ఉండమన్నారు. ఇద్దరిని పోగొట్టుకున్నదాని నీడ పసివాడి మీద పడకూడదట. లోపల పాటలు పాడుతుంటే నేను బొరుగులు కలిపాను. నాకు ఆ పిల్లవాడి మీద ఏ కోపమూ లేదు. ఎత్తుకోవాలని చేతులు తీపులు తీశాయి, అంతే.

మర్నాడు బాలింత స్నానానికి నీళ్ళు తోడబోయి బచ్చలింట్లో అడుగు పెట్టాను. హండే పొయ్యి పక్కన నా గూడు ఉంది. గుడ్డ తీసేసి ఉంది. అద్దం ముట్టుకుంటే కాలింది. లోపల అవి వెర్రెత్తినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరిగెత్తుతున్నాయి. దూది ఎండి అట్టకట్టింది. సగం అప్పటికే వెల్లకిలా పడి ఉన్నాయి. తల్లి తన అరలోనే, కాళ్ళు కిందికి ముడుచుకొని, ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు పిల్లచీమలు దాన్ని పట్టి లాగుతున్నాయి.

"ఎవరు పెట్టినారు ఈడ?"

అత్త నా వెనకే నిలబడి ఉంది. "నేనే. చలికి కొయ్యబారి పోయినాయి పాపం, వేడి తగిలితే లేస్తాయని. నువ్వు నా బిడ్డకు ఇంత చేస్తాండావు గదా, నీవి నేను చూద్దామని." ఆమె మొహంలో సంతోషం, కాస్త సిగ్గు. కాపురానికి వచ్చినాక ఆమె నాకోసం చేసిన మొదటి పని అది.

"అవి చావలేదత్తా. పడుకున్నాయి."

"ఇన్ని దినాలా?"

"చలి పోయేదాకా."

"అన్ని దినాలు పడుకుంటే ఎట్ల బతుకుతాయి?"

"పడుకుంటేనే బతుకుతాయి. లేపితే చస్తాయి."

ఆమె గూడు వంక చూసింది, తర్వాత నా వంక, నా పొట్ట వంక చూసింది. లోపల పసివాడు ఏడ్చాడు. "నాకేం తెలుసే," అని పోయింది.

నేను గూడును చల్లటి గచ్చు మీదికి జరిపి, కొంగు తడిపి పిండాను. ఆలస్యమైపోయింది. లోపలినుంచి "వేణ్ణీళ్ళు!" అని కేక. లేచి, హండేలోంచి కొప్పెర నిండా తోడి, ఎత్తాను. ఎత్తగానే కింద ఏదో తెగినట్టయింది. కొప్పెర పడలేదు. దాన్ని మెల్లగా, చుక్క ఒలకకుండా దించి, ఆ తర్వాతే నేను పడ్డాను. అంత జాగ్రత్త నాకు ఎవరు నేర్పారో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కన్నడంలో, తెలుగులో కలిపి తిట్టింది. నన్ను కాదు, మా ఇంటాయనను. "రెస్ట్ బేకు, కావాలి అంటే మీకు అర్థం కాదా? ఇది మనిషి, గానుగెద్దు కాదు." ఆయన తల వంచుకున్నాడు. ఆయనకు నిజంగానే దుఃఖం ఉంది. మంచం పక్కన కూర్చొని నా చెయ్యి పట్టుకున్నాడు కూడా. కానీ ఆ చెయ్యి నాది అన్నట్టు అనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి నాగలక్ష్మిని ముందుగానే అత్తగారింటికి పంపే సందడి మొదలైంది. గూడు లేదు. ఏమైందని అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మూడో బిడ్డను ఏం చేశారనీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను. అత్త స్తంభానికి ఆనుకొని తమలపాకులు తుడుస్తోంది. ఆయన చారన్నం కలుపుతూ, ఓదార్పుగానే, "పోనీలే. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

ఎవరి వస్తువో పగిలితే ఇంకొకటి కొందాం అన్నట్టు. గరిటె నా చేతిలోనే ఆగింది. కోపం రాలేదు. గొంతు కూడా పెరగలేదు.

"వచ్చే ఏడు లేదండీ," అన్నాను. "ఏ ఏడూ లేదు. ఇంక నేను కనను."

ఆయన నా వంక చూడలేదు. ఇట్లాంటప్పుడు ఎప్పుడూ చూసినట్టే తల్లి వంక చూశాడు. నేనూ చూశాను, ఇల్లు ఎగిరిపోయే కేక కోసం ఎదురుచూస్తూ. అత్త చేతిలో ఆకు పక్కన పెట్టింది. లేచి వచ్చి, నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

"ఏడుమందిని కంటి. నలుగురిని మంటికిస్తి," అంది, కొడుకు విస్తరిలో అన్నం పెడుతూ, మా ఇద్దరిలో ఎవరి వంకా చూడకుండా. "కనను అని ఒక మాట ఉండాదని నాకు ఎవురూ చెప్పలేదు గదే."