మిల్లరు పక్కన చోటు

వరసలో ఎవరి చోటు వాళ్ళదే. ఆ ముఠాలో మొదటి నుంచీ ఉన్న కట్టు అది. అందరికంటే ముందు చేరిన ఆడమనిషి నేలమీద, కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన నిలబడాలి. వెనక చేరినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పరంజా మీద, పైకి. నిండు తట్ట చేతులు మారుతూ స్లాబు మీదికి పోతుంది, ఖాళీ తట్ట అదే దారిన కిందికి వస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న ఎనభై నాలుగులో, దువ్వాడ నుంచి పొద్దున్నే లారీ ఎక్కే పద్నాలుగు మంది ఆడవాళ్ళ ముఠాలో మిల్లరు పక్క చోటు గురువమ్మది.

సీతాలుది పైన, స్లాబు అంచున. మొగుడు పోయి ఏడాది తిరక్కుండానే ఆమెను చెయ్యిపట్టుకుని పనిలోకి తెచ్చింది గురువమ్మే. పక్క పాకలో ఉండేది. వరసకు అత్త కాదు, ఏమీ కాదు. పిలిచీ పిలిచీ అత్త అయింది.

ముఠాలో అక్షరాలు వచ్చిన మనిషి ఎవరైనా ఉంటే మేస్త్రీని చేస్తానని కాంట్రాక్టరు అన్నప్పుడు, ఎవరూ నోరు మెదపకముందే గురువమ్మ సీతాలు పేరు చెప్పింది. గోడల మీది సినిమా బొమ్మల కింద రాతలు కూడబలుక్కుని కూడబలుక్కుని చదువు నేర్చిన సీతాలు, మేస్త్రీ అయ్యింది కానీ భయంతో రెండు రోజులు అన్నం తినలేకపోయింది. ద్వారకా నగర్లో ఒక మేడమీద, పనివాళ్ళను నడిపించేవాళ్ళకి ఆదివారాలు నాయకత్వం పాఠాలు చెబుతారని తెలిసి, పోయి నేర్చుకోమని తరిమింది కూడా గురువమ్మే. ఆదివారం పొద్దున్న సీతాలు చీర గురువమ్మే ఉతికి ఆరేసేది, గంజి కాచి పెట్టేది. బియ్యంలో రాళ్ళు మాత్రం ఏరేది కాదు. అది నువ్వే చూసుకో అనేది. ముసలితనపు బద్ధకం అనుకుంది సీతాలు.

పాఠాలు చెప్పే గంగాధరరావు గారిది కాకినాడ వైపు. నెమ్మదస్తుడు. ఆయన చెప్పింది సీతాలు నోటుబుక్కులో రాసుకునేది, సాయంత్రం గురువమ్మకు చదివి వినిపించేది. నాయకుడు ముందు తన కోపాన్ని గెలవాలన్న పాఠం విని, అదైతే నీకు కష్టమే అని గురువమ్మ నవ్వింది. అయిదో వారం పాఠం వేరు. కష్టమైన పని అందరికీ సమానంగా పంచాలి, పాతవాళ్ళకు ఒక న్యాయం కొత్తవాళ్ళకు ఒక న్యాయం కూడదు.

"అయితే వరస మారుత్తావేటే?" అంది గురువమ్మ.

"వారానికోపాలి మారుత్తానత్తా. పైనున్నోల్లు కిందకి, కిందోల్లు పైకి. నీకేటి కట్టం కాదు కదా?"

గురువమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. మంచి మాటే సెప్పినారు మేస్టరు, అంది.

మర్నాడు వరస మారింది. ఎవరూ కాదనలేదు. నోటికి అడ్డూ ఆపూ లేని కాశమ్మ కూడా తల ఊపి పరంజా మీద తన కొత్త చోటికి పోయింది. అందరూ ఒక్క మాట మీద ఉన్నారని సీతాలు లోలోపల పొంగిపోయింది. చేతిలోకి నోటుబుక్కు వచ్చినప్పటి నుంచీ తన ముందు ముఠాలో వేళాకోళాలు ఆగిపోయాయని ఆమెకు తట్టలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా పైనుంచి ఖాళీ తట్ట వచ్చింది. పరంజా మీదున్న గురువమ్మ అందుకోబోయి ఒక అడుగు ముందుకేసింది. అక్కడ చెక్క లేదు.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని సీతాలు కాశమ్మను నిలదీసింది. అప్పుడు బయటపడింది. గురువమ్మకు రెండేళ్ళుగా కళ్ళు మసకలు. నేలమీద, తెలిసిన చోట, చేతుల లెక్కన నెట్టుకొచ్చేది. పక్కన నిలబడే కాశమ్మ తన ఇత్తడి గాజుతో తట్ట అంచున కొట్టేది. ఒక దెబ్బ కొడితే నిండుది అందుకున్నట్టు, రెండు కొడితే ఖాళీది వస్తున్నట్టు. కిందనున్న వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పైనున్న సీతాలుకే తెలీదు.

"నాకెందుకు సెప్పనేదే?"

"నువ్వు మేస్త్రీవి కదమ్మా," అంది కాశమ్మ. "మేస్త్రీకి సెప్పీదేటి?"

ఆ ఆదివారం సీతాలు తరగతికి పోయింది. పాఠం మొదలుకాకముందే లేచి నిలబడి, మీరు పంచమన్నారని పంచాను బాబూ, మా అత్త పడిపోయింది అని చెప్పింది. గంగాధరరావు గారు సుద్దముక్క బల్లమీద పెట్టేశారు. పంచేముందు ప్రతి మనిషినీ విడిగా అడగాలి, అందరూ తల ఊపితే అనుమానించాలి, ఆ పాఠం ఇవాళ చెబుదామనుకున్నానమ్మా, అన్నారు. ఆ పాఠం కూడా సీతాలు రాసుకుంది.

సోమవారం లారీ దిగాక ఆమె వరసను నిలబెట్టలేదు. ఒక్కొక్కరినీ ఇసక గుట్ట అవతలికి పిలిచి, ఏ చోటైతే ఒళ్ళు ఓర్చుకుంటుందో అడిగింది. మొదటి ముగ్గురూ నీ ఇష్టం అన్నారు. నాలుగో మనిషి ఏడ్చింది. మూడో నెల అట, ఎవరికీ చెప్పలేదట. ఆమెను కింద నిలబెట్టింది. కాంట్రాక్టరు తప్పు ఎవరిదని అడిగినప్పుడు, వరస మార్చింది నాను, అడక్కుండా మార్చినాను అని చెప్పింది. ఆయన గసిరాడు. అయినా తీసెయ్యలేదు.

నలభై రోజులకు గురువమ్మ కర్ర ఊతంతో లేచింది. కానీ చూపులేని, కాలు సాగని మనిషికి ముఠాలో చోటు లేదని కాంట్రాక్టరు తేల్చేశాడు. సీతాలు రెండుసార్లు బతిమాలింది. తన పాకలోనే ఉండమని గురువమ్మను ఇంకా ఎక్కువసార్లు బతిమాలింది. ఆమె వినలేదు. విజయనగరం అవతల తమ్ముడి కొడుకు ఉన్నాడు, అక్కడికి పోతానంది.

దువ్వాడ స్టేషన్లో పాసింజరు కిటికీ పక్కన కూర్చోబెట్టాక సీతాలు అడిగింది.

"నాకైనా సెప్పుంటే, కిందే ఒగ్గీదాన్ని కదత్తా."

"నీకు సెప్తే నువ్వే నన్ను పనిలోంచి పంపీవలసొస్తాది," అంది గురువమ్మ. "తెలీకపోతే నీకా పాపముండదు కదాని ఊరుకున్నాను. మేస్త్రీని సేసింది నానే కదే."

బండి కూత వేసింది. సీతాలు వేలి కణుపుతో కిటికీ చువ్వ మీద రెండు దెబ్బలు కొట్టింది.

గురువమ్మ రెండు చేతులూ చువ్వల సందులోంచి బయటికి వచ్చాయి, తట్ట అందుకోవడానికి వచ్చినట్టే. సీతాలు తన చేతులు వాటిలో పెట్టింది. బండి కదిలాక కూడా ప్లాట్‌ఫారం చివరిదాకా అలాగే నడిచింది. అక్కడ నేల అయిపోయింది.